నేరాన్ని చదివిన ఏళ్ళలో నేర్చుకున్నవి

సమాజశాస్త్రంలో నేరం మీద పరిశోధన చేస్తానంటే మా ఇంట్లో ముందు నవ్వారు, తర్వాత భయపడ్డారు. ఆడపిల్ల స్టేషన్ల చుట్టూ, జైళ్ళ చుట్టూ తిరగడమేమిటని మా మేనత్త చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఉద్యోగం వదిలి చాలాకాలమైంది. ఇప్పటికీ ఎవరో ఒకరు పీహెచ్‌డీ సినాప్సిస్ పట్టుకుని మా ఇంటికి వస్తూనే ఉంటారు. వాళ్ళకు కాఫీ ఇచ్చి, ఆ కాగితాలు చదివాక చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. వీటికి వరసంటూ ఏమీ లేదు. కొన్నిటి దగ్గర ఎక్కువసేపు ఆగాను. అవి నన్ను ఎక్కువగా బాధపెట్టినవి.

1. అంకెను నమ్మే ముందు దాన్ని రాసిన చేతిని చూడండి.

మన దేశంలో నేరాల లెక్కలు 'క్రైమ్ ఇన్ ఇండియా' పేరుతో 1953 నుంచి వస్తున్నాయి. 1986లో నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో ఏర్పడ్డాక ఆ బాధ్యత దానిదైంది. నా తొలినాటి వ్యాసాలన్నీ ఆ సంపుటాల మీదే నిలబడ్డాయి. జిల్లాలవారీగా పట్టికలు వేసుకుని, ఫలానాచోట దొంగతనాలు ఎక్కువ, ఫలానాచోట తక్కువ అని గది దాటకుండానే తేల్చేసేదాన్ని.

తర్వాత ఒక స్టేషన్లో రైటర్ బల్ల పక్కన కూర్చునే అవకాశం దొరికింది. ఒకావిడ వచ్చింది. బస్టాండులో మెడలో గొలుసు పోయింది, మెడ మీద గీత ఇంకా ఎర్రగా ఉంది. రైటర్ ఆవిడ ముందు తెల్లకాగితం పెట్టి, తనే చెప్పి రాయించాడు: "బస్సు ఎక్కుచుండగా నా మెడలోని గొలుసు ఎక్కడనో జారిపోయినది." ఆవిడ కలం ఆపి, "జారిపోలేదయ్యా, లాగేశాడు" అంది. "వాణ్ణి చూశావామ్మా? చూడలేదు కదా. మరి ఎవరి మీద కేసు కట్టమంటావు?" అన్నాడు. ఆవిడ కాసేపు ఆలోచించి సంతకం పెట్టి వెళ్ళిపోయింది. నేను అతని వైపే చూస్తున్నానని గమనించి, ఏమీ దాచుకోకుండా చెప్పాడు: "కేసు కడితే పట్టుకోవాలి మేడమ్. పట్టుకోలేకపోతే నెలాఖరు క్రైమ్ మీటింగులో మా ఎస్సైగారు నిలబడి చీవాట్లు తినాలి."

ఆ గొలుసు ఏ పట్టికలోనూ చేరలేదు. అలాంటి పట్టికల మీద నేను సిద్ధాంతాలు కట్టాను.

దీనికి రెండోవైపు కూడా ఉంది. 2012లో దేశంలో నమోదైన అత్యాచారం కేసులు 24,923. మరుసటి ఏడు, 2013లో, 33,707. దేశం ఒక్క ఏడాదిలో అంతగా చెడిపోయిందని పత్రికలు గగ్గోలు పెట్టాయి. నిజానికి ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత ఆడవాళ్ళు స్టేషన్ మెట్లెక్కడానికి తెగించారు, స్టేషన్లు కాదనడానికి జంకాయి. చట్టం మారింది, నిర్వచనం విస్తరించింది. కాగ్నిజబుల్ నేరం గురించి ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఆ 2013లోనే. మధ్యప్రదేశ్‌లో 180 స్టేషన్లలో మహిళా హెల్ప్‌డెస్కులు పెట్టి చేసిన ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. డెస్కులున్న చోట ఆడవాళ్ళ కేసుల నమోదు పెరిగింది. మహిళా పోలీసులు నడిపిన డెస్కుల్లో ఆ పెరుగుదల స్పష్టంగా కనిపించింది. డెస్కు పెట్టినందువల్ల ఆ ఊళ్ళో నేరం పెరిగిందని ఎవరైనా అంటారా? కానీ పట్టిక ఒక్కటే చూస్తే అనాల్సి వస్తుంది. కేసులు తక్కువున్న జిల్లాను చూసి నేనిప్పుడు సంతోషించను. ముందు అక్కడి రైటర్ బల్ల చూసొస్తాను.

2. కాపలా ఎక్కడ పెడితే నేరం అక్కడే పండుతుంది.

విజయవాడ నుంచి చెన్నై వెళ్ళే రైలు మార్గంలో బాపట్ల దాటాక, చీరాల ఇంకా రాకముందు, స్టువర్టుపురం అని చిన్న స్టేషను వస్తుంది. దొంగల ఊరని ముద్ర పడిన ఆ పేరు వినగానే పెట్టె కాళ్ళకింద సర్దుకున్నవాళ్ళను నా కళ్ళతో చూశాను. 1991 ఒక్క ఏడాదిలోనే ఆ ఊరి పేరుతో రెండు సినిమాలొచ్చాయి. నేను కూడా అక్కడికి వెళ్ళింది 'తరతరాల నేర సంప్రదాయం' వెతకడానికే. వెతికినవాళ్ళకు అది దొరుకుతుంది. నాకూ దొరికింది. చక్కగా రాశాను. మెచ్చుకున్నారు.

ఆ ఊరు ఎలా పుట్టిందో మాత్రం సరిగ్గా చదవలేదు. కొన్ని కులాలవాళ్ళు, తెగలవాళ్ళు పుట్టుకతోనే నేరస్థులని 1871లో బ్రిటిష్ ప్రభుత్వం చట్టం చేసింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ విస్తరించారు. 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు ఎరుకల కుటుంబాలను అప్పగించి అక్కడ సెటిల్‌మెంటు పెట్టించారు. మద్రాసు ప్రభుత్వంలో హోం వ్యవహారాలు చూసిన హెరాల్డ్ స్టువర్ట్ పేరు ఊరికి పెట్టారు. హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే పాసు ఉండాలి. నేరం చేసినా చేయకపోయినా ఇదే పద్ధతి.

చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో ఈ జాతుల మీద పుస్తకం తెచ్చారు. అది చదివాక నా పాత వ్యాసం మళ్ళీ తీసి చూడబుద్ధి కాలేదు. ఎరుకలవాళ్ళు ఒకప్పుడు సంచార వర్తకులు. తీరంలో ఉప్పు కొని, పశువుల మీద వేసుకుని లోపలి ఊళ్ళకు మోసేవాళ్ళు, అక్కడి ధాన్యం ఇటు తెచ్చేవాళ్ళు. రైలు వచ్చింది. ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగించింది. బేరాలు పోయాయి. బతుకుతెరువు పోయిన మనుషులు ఊరూరా తిరుగుతుంటే ఆ తిరుగుడే అనుమానమైంది, అనుమానం చట్టమైంది. సంస్కరిస్తామని తెచ్చి పెట్టినవాళ్ళు చివరికి చీరాల పొగాకు ఫ్యాక్టరీకి చవక కూలీలయ్యారు. ఇదంతా మద్రాసు, లండను దస్త్రాల్లోనే ఉంది. నేనూ మద్రాసు వెళ్ళి ఉంటే నాకూ కనిపించేది. నేను మాత్రం అరెస్టుల రిజిస్టర్లు తిరగేస్తూ కూర్చున్నాను.

ఆ రిజిస్టర్ల గుట్టు చాలా ఏళ్ళ తర్వాత ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ విప్పాడు. గుంటూరులో దొంగతనం జరిగినా, ఒంగోలులో జరిగినా ముందు జీపు ఎటు పోయేదని అడిగాను. "అటేనండి. ఉంటే వాడు దొరుకుతాడు, లేకపోతే దొరికినవాడు దొరుకుతాడు" అన్నాడు. ఆ ఊరి మీద అరెస్టులు ఎందుకు ఎక్కువో చెప్పడానికి నేను నలభై పేజీలు రాశాను. అతనికి ఒక వాక్యం సరిపోయింది.

మద్రాసు ప్రభుత్వం 1947లోనే ఆ చట్టాన్ని రద్దు చేసింది. మన అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన వేసిన కమిటీ నివేదిక తర్వాత దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. అయితే 1948లోనే మద్రాసులో అలవాటుపడ్డ నేరస్థుల చట్టం వచ్చేసింది. జాతి పేరు కొట్టేసి మనిషి పేరు రాసుకున్నారు. పోలీసు స్టేషన్లో షీటు మాత్రం అలాగే ఉంది. జైలు మాన్యువళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచడం, ఆ పాత చట్టం నుంచి విముక్తమైన జాతులవాళ్ళను అలవాటుపడ్డ నేరస్థులుగా చూడటం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2024 అక్టోబరు వచ్చింది.

హేమలతా లవణం గారి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. జాషువా కూతురు, గోరా కోడలు. డెబ్భయ్యవ దశకంలో ఆవిడ, భర్త లవణం గారు ఆ ఊరి కుటుంబాలతో కలిసి పనిచేయడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో మా శాఖలో కొందరం దాన్ని 'శాస్త్రీయ పద్ధతి లేని సేవ' అని పెదవి విరిచాం. ఆవిడకు వాళ్ళ పిల్లల పేర్లు తెలుసు. మాకు వాళ్ళ కేసు నంబర్లు తెలుసు.

3. ప్రశ్నాపత్రంలోనే తీర్పు రాసుకుని వెళ్ళకండి.

స్టువర్టుపురంలోనే ఒక ముసలావిడ బుట్ట అల్లుతూ నా ప్రశ్నలన్నీ ఓపికగా విన్నది. మీ ఇంట్లో ఎంతమంది జైలుకెళ్ళారు, మొదటిసారి ఎప్పుడు, ఏ వయసులో, ఏ కేసులో. చివరికి ఈతపుల్ల పక్కన పెట్టి, "మీ ఊళ్ళో దొంగలు లేరా అమ్మా? ఆళ్ళ ఇళ్ళకెళ్ళి కూడా ఇట్టాగే అడుగుతావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. నా ప్రశ్నాపత్రంలో పని గురించి, భూమి గురించి, బడి గురించి ఉన్నవి చివరి పేజీలో మూడో నాలుగో. మొదటి పేజీలన్నీ నేరమే. మీ ప్రశ్నాపత్రం పట్టుకెళ్ళే ముందు దాన్ని మీ అమ్మకో, మీ మేనమామకో ఇచ్చి జవాబులు రాయమనండి. ఎక్కడ వాళ్ళ మొహం ముడుచుకుంటుందో అక్కడ ప్రశ్న మార్చండి.

4. మంచి మనసుతో చేసిన పని కూడా చెరుపు చేయగలదు.

బస్తీల్లో దారి తప్పుతున్నారనుకున్న కుర్రాళ్ళను జైలుకు తీసుకెళ్ళి చూపించే కార్యక్రమం ఒకటి మేం కొన్నాళ్ళు నడిపాం. ఊచలు, బ్యారక్‌లు, ములాఖత్ కిటికీ చూపిస్తే భయపడి బాగుపడతారని మా నమ్మకం. బస్సు ఎక్కించి, పులిహోర పొట్లాలు ఇచ్చి, ఒక ఖైదీ చేత తన కథ చెప్పించేవాళ్ళం. పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని వినేవాళ్ళు. ఆ కళ్ళు చూసి పని ఫలించిందనుకున్నాం. వాళ్ళలో ఎవరు ఏమయ్యారో తర్వాత ఒక్కరమూ కనుక్కోలేదు.

అమెరికాలో ఇదే పని న్యూజెర్సీలోని రావే జైలులో జరిగింది. 1978లో దాని మీద తీసిన డాక్యుమెంటరీ ప్రపంచమంతా తిరిగింది. తర్వాత ఇలాంటి కార్యక్రమాలను వెళ్ళినవాళ్ళు, వెళ్ళనివాళ్ళు అని లాటరీ మీద విడదీసి పరీక్షించిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, వెళ్ళినవాళ్ళే ఎక్కువగా నేరాల్లో దొరికారు. ఇంకా పాతది కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అధ్యయనం. మసాచుసెట్స్‌లో 1939లో మొదలుపెట్టి, పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఏళ్ళ తరబడి కౌన్సెలర్లు, ట్యూషన్లు, వేసవి శిబిరాలు ఏర్పాటు చేశారు. పెద్దయ్యాక వాళ్ళలో చాలామంది ఆ కార్యక్రమం తమకు మేలు చేసిందనే చెప్పారు. జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు ముప్ఫై ఏళ్ళ తర్వాత రెండు జట్ల జీవితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, సాయం అందుకున్న జట్టే కొన్ని విషయాల్లో అధ్వాన్నంగా ఉంది. 1978లో ఆవిడ ఆ సంగతి అచ్చువేసినప్పుడు కోపం తెచ్చుకున్నవాళ్ళు తక్కువేం కాదు.

మా బస్సు యాత్రల్లో కూడా కుర్రాళ్ళు ఒకరికొకరు పరిచయమయ్యారు. అంతకుముందు వాళ్ళు వేరువేరు బస్తీలవాళ్ళు. ఈ సంగతి మాకు తట్టడానికి చాలా కాలం పట్టింది. ఏ కార్యక్రమమైనా మొదలుపెట్టే రోజే, అది పొందని జట్టును కూడా గుర్తుపెట్టుకోండి. అయిదేళ్ళ తర్వాత రెండు జట్లనూ వెతకడానికి డబ్బు ముందే దాచండి. మన దగ్గర డబ్బు ప్రారంభోత్సవానికి ఉంటుంది, వెతకడానికి ఉండదు.

5. జైల్లో ఉన్నవాడు శిక్ష పడినవాడని అనుకోకండి.

2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్ళలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురి మీద కోర్టు ఇంకా ఏమీ తేల్చలేదు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో, పడే శిక్షకన్నా ఎక్కువ కాలం విచారణలోనే గడిపిన బీహార్ ఖైదీలను చూసి సుప్రీంకోర్టు నివ్వెరపోయింది. నేను అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఇక ఈ సమస్య తీరిపోతుందనుకున్నాను.

ఒక జిల్లా జైలులో ఒక కుర్రాడితో మాట్లాడాను. రాగి తీగ దొంగతనం కేసు. నీకు బెయిలు రాలేదా అంటే, "వచ్చింది మేడమ్" అన్నాడు. మరి ఇక్కడేం చేస్తున్నావు? ఇద్దరు జామీనుదార్లు కావాలి, ఒక్కొక్కరు ఇంటిపన్ను రశీదు తేవాలి. శ్రీకాకుళం వైపు నుంచి పనికోసం వచ్చినవాడు, ఆ ఊళ్ళో ఇల్లున్నవాళ్ళు అతనికి ఎవరు తెలుసు? మేస్త్రీ ఒక్కడే తెలుసు, ఆ మేస్త్రీదీ అద్దెకొంపే. బెయిలు కాగితం మడత పెట్టి జేబులో దాచుకున్నాడు.

బెయిలు వచ్చీ బయటికి రాలేకపోతున్నవాళ్ళ కోసం 2023 జనవరిలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలి. 2024 జూలైలో అమల్లోకొచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షను, అంతకుముందు ఎప్పుడూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం జైల్లో గడిపితే వదలాలంటుంది. మంచిదే. కానీ అదే సెక్షనులో, ఒకటికన్నా ఎక్కువ కేసులు నడుస్తున్నవాడికి ఈ మేలు లేదని కూడా రాశారు. చిల్లర దొంగకు ఒకటే కేసు ఉండటం నేనైతే అరుదుగా చూశాను. ఒకటి దొరికితే ఆ స్టేషన్లో తేలని పాతవి నాలుగు కలుస్తాయి. చట్టం చదివేటప్పుడు రెండో ఉపవిభాగం దాకా చదవండి.

6. శిక్ష పెద్దదైతే భయం పెద్దదవదు.

దొరకడం ఖాయమన్న నమ్మకమే మనిషిని ఆపుతుంది, శిక్ష బరువు కాదని బెకారియా 1764లోనే రాశాడు. ఆ తర్వాతి పరిశోధన చాలావరకు ఆయన వైపే నిలబడింది. మరణశిక్ష హత్యలను తగ్గిస్తుందా పెంచుతుందా అన్నదానికి అప్పటిదాకా జరిగిన అధ్యయనాలేవీ పనికొచ్చే జవాబు ఇవ్వలేవని 2012లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ కమిటీ తేల్చింది.

నాకు నచ్చిన ఉదాహరణ రాజస్థాన్‌ది. తాగి బండి నడిపేవాళ్ళను పట్టుకునే చెకింగులను కొన్నిచోట్ల ప్రతిసారీ ఒకే కూడలిలో పెట్టారు, కొన్నిచోట్ల స్థలాలు మారుస్తూ పోయారు. ఒకేచోట పెట్టిన దగ్గర ఫలితం లేదు. రెండు రోజుల్లో అందరికీ తెలిసిపోతుంది, సందులోంచి పోతారు. మారుస్తూ పోయిన దగ్గర రాత్రి ప్రమాదాలు 17 శాతం, మరణాలు 25 శాతం తగ్గాయి. శిక్ష రెండుచోట్లా ఒకటే.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలి మీద జరిగిన అత్యాచారం, హత్య తర్వాత, డిసెంబరు 6న నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. నా దగ్గర చదువుకున్నవాళ్ళే స్వీట్లు పంచిన ఫొటోలు పంపారు. నేనేమీ అనలేదు. ఆ రోజు మాట్లాడితే వినరనుకున్నాను. అసలు సంగతి, నాకే ధైర్యం చాలలేదు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని తన నివేదికలో చెప్పింది. అది 2022 మేలో బయటికొచ్చేసరికి పూలు చల్లినవాళ్ళు వేరే పనుల్లో ఉన్నారు. ఘోరం జరిగిన రాత్రి ఆ అమ్మాయి చెల్లెలు ఫిర్యాదుకు వెళితే, ఇది మా పరిధి కాదని స్టేషన్ నుంచి స్టేషన్‌కు తిప్పారన్న ఆరోపణ మీద ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. నేర నివారణ మీద రాసేవాళ్ళకు అందులో పని ఉంది.

7. మీకన్నా ముందే తెలిసినవాళ్ళు ఆ వాకిట్లోనే ఉంటారు.

భార్యలను కొట్టడం మీద ఎనభయ్యవ దశకంలో ఒక సర్వే చేశాం. వయసు, చదువు, కులం, ఆదాయం, పిల్లల సంఖ్య, అన్నిటికీ గళ్ళున్నాయి. ఊళ్ళో సారా దుకాణం ఎంత దూరమన్నదానికి గడి లేదు. అప్పుడు 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో ఊరూరికీ చేరవేస్తోంది. ప్రతి ఆవిడా ఆ మాటే ఎత్తేది. మా ఇన్వెస్టిగేటర్లు దాన్ని 'ఇతరములు' కింద వేసేవాళ్ళు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్ళే ఆడవాళ్ళు, తాగుడు మీద పాఠం చదువుకుని, లేచి వెళ్ళి సారా దుకాణం మూయించారు. వాళ్ళలో రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. జిల్లాలో వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ రెండోది ఎత్తేశారు. ఆదాయం పోయిందన్నారు, దొంగసారా పెరిగిందన్నారు. ఆ లెక్కల మీద వాదించుకోవచ్చు. ఆ ఆడవాళ్ళ విశ్లేషణ మీద నాకు వాదన లేదు. మా 'ఇతరములు' గడిలో మూలన పడి ఉన్నది వాళ్ళు మొదటి వరసలో పెట్టారు.

8. తెల్లచొక్కా వేసుకున్నవాడి దగ్గర మన కళ్ళు పక్కకు తిరుగుతాయి.

వ్యాపారంలో పెద్దమనుషులు చేసే నేరాన్ని కూడా నేరశాస్త్రం చదవాలని ఎడ్విన్ సదర్లాండ్ 1939లో అమెరికాలో ప్రసంగించాడు. పదేళ్ళకు పుస్తకం తెస్తే, కంపెనీల పేర్లు తీసేస్తేగానీ వేయమన్నారు. పేర్లతో సహా అది రావడానికి 1983 దాకా ఆగాల్సొచ్చింది. మనకు హైదరాబాద్‌లోనే 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ ఉత్తరం రాసి, లేని డబ్బు లెక్కల్లో ఉన్నట్టు చూపించానని ఒప్పుకున్నాడు. 2015లో సీబీఐ ప్రత్యేక కోర్టు పదిమందికి శిక్ష వేసింది. ఏడేళ్ళు. నా అల్మారాలో దొంగల మీద ఎన్నో థీసిస్‌లున్నాయి, తప్పుడు బ్యాలెన్సు షీట్ల మీద ఒక్కటీ లేదు. నేను గైడుగా ఉన్నవి కూడా అందులో ఉన్నాయి.

9. పోలీసును తిట్టి వదిలేయకండి, అతని డ్యూటీ చార్టు అడగండి.

రాజస్థాన్ పోలీసులతో కలిసి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, పోలీసు అధికారి నీనా సింగ్, మరికొందరు 2005-08 మధ్య 11 జిల్లాల్లో 162 స్టేషన్లలో ఒక ప్రయోగం చేశారు. కొన్నిచోట్ల బదిలీలు ఆపారు. కొన్నిచోట్ల శిక్షణ ఇచ్చారు. కొన్నిచోట్ల వారానికొక సెలవు, కొన్నిచోట్ల స్టేషన్లో కూర్చుని గమనించే ఊరివాళ్ళు. కొన్నిచోట్లకు ఉత్తుత్తి ఫిర్యాదుదార్లను పంపారు. బదిలీలు ఆపడం, శిక్షణ ఇవ్వడం పనిచేశాయి. సెలవు, ఊరివాళ్ళు కూర్చోవడం పనిచేయలేదు. స్టేషన్లో వాటిని సరిగ్గా అమలుచేసినవాళ్ళే లేరు. ఎస్సై ఎన్నాళ్ళుంటాడో ఎమ్మెల్యే లెటర్‌హెడ్ నిర్ణయిస్తున్నంతకాలం ఆ ఎస్సైకి తన ఊళ్ళోని సందులు కూడా తెలియవు. ఈ మాట కానిస్టేబుళ్ళు నాకు టీ తాగుతూ ఎన్నోసార్లు చెప్పారు. వాళ్ళు చెప్పినప్పుడు సణుగుడనుకున్నాను. ప్రయోగం చెప్పాక ఫుట్‌నోట్‌లో పెట్టాను.

10. నోట్‌బుక్కులో పేర్లు రాయకండి.

ఇది చెప్పకుండా ఉంటే బాగుండుననిపిస్తుంది, కానీ చెప్పాలి. ఒకప్పుడు దొంగతనాలు చేసి మానేసిన ఒకతను, ఎలా మానేశాడో నాకు రెండు సాయంత్రాలు కూర్చుని చెప్పాడు. పెళ్ళి, కూతురు, ఇటుకబట్టీలో పని. దొంగసొత్తు ఎవరికి అమ్మేవాడో కూడా చెప్పాడు. ఇవన్నీ పేరుతో సహా రాసుకున్నాను. కొన్నాళ్ళకు ఆ ప్రాంతంలోని ఒక సీఐ మర్యాదగా మా ఆఫీసుకు వచ్చి, మేడమ్, ఆ నోట్‌బుక్కు ఒక్కసారి చూసిస్తానన్నాడు. అంతకుముందు అతను నాకు చాలా సాయం చేశాడు. స్టేషన్లలో తలుపులు తెరిపించింది అతనే. ఇచ్చాను. మర్నాడే తిరిగిచ్చేశాడు. ఆ నెలలోనే ఆ మనిషిని తీసుకెళ్ళారని, బట్టీలో పని పోయిందని తెలిసింది. నేను వెళితే అతని భార్య లోపలికి రమ్మనలేదు.

మన దేశంలో లాయరుకు తన క్లయింటు మాట దాచుకునే హక్కు చట్టంలో ఉంది. పరిశోధకులకు లేదు. కోర్టు అడిగితే ఇవ్వక తప్పదు. కాబట్టి అడగడానికి ఏమీ లేకుండా చూసుకోవడం మన పని. సంకేతాలు పెట్టుకోండి. ఏ సంకేతం ఎవరిదో రాసిన కాగితాన్ని వేరేచోట దాచి, పని అవ్వగానే చించేయండి. ఇప్పుడు మీరంతా ఫోన్లోనే రికార్డు చేస్తున్నారు. ఆ గొంతు ఎక్కడెక్కడ కాపీ అవుతోందో మీకే తెలియదు. ఇంటర్వ్యూకు బయలుదేరే ముందు సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ ఆటోమేటిక్ బ్యాకప్ తీసేయండి. తీసేశారని పక్కవాళ్ళ చేత కూడా చూపించుకోండి.